పోఖరా బస్సులో ఖుకురీ పాఠం

నేపాల్ సరిహద్దులో సునౌలీ దాటాక పోఖరాకు నారాయణ్‌ఘాట్ మీదుగా వెళ్లమనే అందరూ చెబుతారు. ఆ పూటకి దొరికింది మాత్రం సిద్ధార్థ రాజమార్గం బస్సు. ఏసీ డీలక్స్ అని డబ్బులు తీసుకున్నారు. ఏసీ అంటే కిటికీ అని బుట్వల్ దాటాక తెలిసింది. ఆ పైన అన్నీ మలుపులే. వెనక సీట్లో ఒకాయన పాలిథిన్ కవర్లోంచి తల ఎత్తలేదు.

నా పక్కన ఢాకా టోపీ పెట్టుకున్న పెద్దాయన కూర్చున్నారు. కోటు మీద రెండు ఖుకురీలు, అంటే గోర్ఖాల వంకర కత్తులు, అడ్డంగా ఉన్న చిన్న బ్యాడ్జి. హైదరాబాద్ అనగానే మొహం విప్పారింది. "భోజనం చేశారా?" అని తెలుగులో అడిగి, ఇంకేం గుర్తు లేదంటూ హిందీలోకి దిగిపోయారు. మన సైన్యంలో గోర్ఖా హవల్దారుగా చేసి, సికింద్రాబాద్ తిరుమలగిరిలో కొన్నాళ్లు ఉన్నారట. పోఖరాలో భారత ప్రభుత్వం నడిపే పింఛను ఆఫీసులో ఏదో కాగితం పని. 1947లో భారత్, బ్రిటన్, నేపాల్ చేసుకున్న ఒప్పందంలో, బ్రిటిష్ ఇండియా సైన్యంలోని పది గోర్ఖా రెజిమెంట్లలో ఆరు మనకు, నాలుగు బ్రిటన్‌కు వచ్చాయి. తర్వాత మనవాళ్లు పదకొండోది కూడా పెట్టుకున్నారు. ఇదంతా ఆయన నాకు తమ ఊళ్లో పొలాల పంపకం చెబుతున్నట్టు చెప్పారు.

తాన్సేన్ కింద భోజనానికి ఆపారు. దాల్‌భాత్. అన్నం, పప్పు ఎన్నిసార్లయినా వడ్డిస్తారు కాబట్టి రేటు మీద నోరెత్తలేకపోయాను. చేతులు కడుక్కుని వచ్చాక ఆయన సంచిలోంచి న్యూస్‌పేపర్లో చుట్టిన పొట్లం తీశారు. లోపల ఖుకురీ. పోఖరాలో ఉంటున్న కూతురు వంటింటికట!

ఆత్రంగా చేయి చాపాను. ఆయన నా వేళ్లు పట్టుకుని వెనక్కి జరిపారు. "ఒరను వీపు వైపు నుంచి పట్టుకోవాలి సాబ్. చుట్టూ పిడికిలి బిగించి లాగితే, పదును ఒర కుట్టు తెంచుకుని మీ వేళ్ల మీదికొస్తుంది." పిడి దగ్గర చిన్న గంటు, దాన్ని కౌడి అంటారు. ఒర వెనక జేబులో రెండు బుల్లి కత్తులు. చిన్నాచితకా కోతలకు కర్ద. రెండోది చక్మక్, దానికి పదునుండదు. పెద్దకత్తికి పదును పెట్టుకోవడానికి, చెకుముకి రాయి మీద కొట్టి నిప్పు రాజేయడానికి అది.

అందరూ అడిగేదే నేనూ అడిగాను, యుద్ధంలో దీంతో ఎవర్నైనా...? ఆయన పళ్లు కుట్టుకుంటూ కాసేపు ఆలోచించారు. "రైఫిల్ సైన్యం నేర్పింది. బయొనెట్టూ సైన్యమే నేర్పింది, గడ్డి బొమ్మను పొడిపించి. ఖుకురీ మా అమ్మ నేర్పింది. మేకలకి ఆకు కొట్టడానికి." బయొనెట్‌తో ఉల్లిపాయ కూడా కోయలేమని, అందుకే దాన్ని ఎవరూ ఇంటికి తెచ్చుకోరని కూడా అన్నారు.

2022లో మన సైన్యంలో నాలుగేళ్ల కొలువు పథకం అగ్నిపథ్ వచ్చాక నేపాల్ తన కుర్రాళ్ల భర్తీ ఆపేసింది. ఆయన మనవడు దోహాలో ఏదో గిడ్డంగిలో పనికి వెళ్లాడు. ఆ మాట అన్నాక పోఖరా దాకా ఆయన నిద్రపోయారు.

మర్నాడు పోఖరాలో టూరిస్టులు తిరిగే లేక్‌సైడ్‌లో ఖుకురీ కొట్టుకి వెళ్లాను. దుకాణదారు మొదలుపెట్టాడు: ఒరలోంచి తీస్తే రక్తం చూడనిదే లోపల పెట్టకూడదు, అవసరమైతే సొంత వేలైనా కోసుకోవాలి. అలాగైతే హవల్దారు గారి కూతురు పూటకో వేలు కోసుకోవాలి! సింహం తల పిడి ఉన్నదానికి నేపాలీ రూపాయల్లో 6,500 అన్నాడు, అంటే మన లెక్కలో నాలుగు వేల పైమాటే. కౌడి ఎందుకని అడిగితే శివుడి త్రిశూలమన్నాడు, పక్క కొట్టువాడు ఆవు గిట్టన్నాడు.

వెనక సందులో కొలిమి కనిపించాక చిరాకు పోయింది. లారీ కమాను పట్టీని ఎర్రగా కాల్చి సాగగొడుతున్నారు. మా ఊరి కమ్మరి కొడవళ్లు చేసేదీ ఆ పట్టీలతోనే. చివర్లో మాత్రం ఎప్పుడూ చూడనిది చూశాను. కాలిన కత్తిని నీళ్లతొట్టిలో ముంచలేదు. టీ కెటిల్‌తో పదును అంచు వెంబడి మాత్రమే సన్నటి ధారగా నీళ్లు పోశాడు. బుస్సుమని ఆవిరి. అంచు గట్టిపడుతుంది, వీపు మెత్తగానే ఉంటుంది కాబట్టి ఎముకకు తగిలినా కత్తి విరగదు. అతని దగ్గర నగిషీ లేని మామూలు ఖుకురీ 2,400కి తీసుకున్నాను. బేరం ఆడాను, తగ్గించలేదు.

పోఖరాలోనే ఉన్న గూర్ఖా మెమోరియల్ మ్యూజియంలో సార్క్ దేశాల టికెట్ మన పర్సుకి ఫర్వాలేదు. బ్రిటన్ అత్యున్నత శౌర్య పతకం విక్టోరియా క్రాస్ అందుకున్నవాళ్ల ఫొటోల దగ్గర ఎక్కువసేపు నిలబడ్డాను. వాళ్లలో నేపాల్ నుంచి మొదటివాడు కుల్‌బీర్ థాపా. 1915లో ఫ్రాన్స్‌లో, జర్మన్ కందకాల వెనక గాయపడి పడున్న బ్రిటిష్ సిపాయి దగ్గర పగలూ రాత్రీ కాపలా ఉండి, మొదట ఇద్దరు గోర్ఖాలను, తర్వాత అతన్నీ మోసుకొచ్చాడు. మొదటి పతకం మనుషుల్ని మోసినందుకే వచ్చింది. అసలు బ్రిటిష్‌వాళ్లు గోర్ఖాలకు భయపడటం మొదలైన 1814లో డెహ్రాడూన్ దగ్గరి నాలాపానీ పోరులో వాళ్ల జనరల్ గిలెస్పీ పోయింది కూడా తూటాకే. 1806లో వేలూరు సిపాయిల తిరుగుబాటును అణచిన గిలెస్పీయే ఆయన. ఇవేవీ లేక్‌సైడ్ కొట్లలో చెప్పరు.

తిరుగు ప్రయాణం కాఠ్మాండూ నుంచి విమానంలో. చెక్-ఇన్ బ్యాగులో బట్టల మధ్య దాన్ని చుట్టి పెట్టాను. కౌంటర్లో అమ్మాయి "ఖుకురీ ఉందా?" అని అడిగి, నేను జవాబు చెప్పేలోపే ట్యాగు కట్టి బెల్టు మీదకి తోసేసింది.