షిలోహులో చీట్లు వేసిన చోట

బైబిల్లో యెహోషువ గ్రంథం 13 నుంచి 21 దాకా ఉన్న అధ్యాయాలను, అంటే మోషే తర్వాత నాయకుడైన యెహోషువ ఇశ్రాయేలు గోత్రాలకు నేల పంచి ఇచ్చిన భాగాన్ని, నేను ఎప్పుడూ గబగబా తిప్పేసేవాణ్ణి. యెరికో గోడలు కూలేదాకా ఒళ్ళు మరచి చదవడం, ఆ తర్వాత సరిహద్దు ఫలానా లోయ మీదుగా పోయి ఫలానా కొండ చుట్టి సముద్రం దగ్గర ఆగిందని రాసిన చోటికి వచ్చేసరికి కళ్ళు మూతలు పడటం. పొలం ఉన్న ఇంట్లో పుట్టినవాణ్ణి, అవి దస్తావేజులో రాసే చెక్కుబందీ లాంటివని నాకు ముందే తెలిసి ఉండాల్సింది. పవిత్ర దేశం వెళ్ళి వచ్చాక ఇప్పుడు ఆ అధ్యాయాలే మళ్ళీ మళ్ళీ చదువుతున్నాను.

మాది తెనాలి దగ్గర పల్లెటూరు. మా సంఘం, పక్క రెండు ఊళ్ళ సంఘాలు కలిసి ఒక బస్సుకు సరిపడా మంది బయలుదేరాం. ముందు జోర్డాను దేశంలో నెబో కొండ ఎక్కాం. ఎదురుగా ఎండలో మెరిసే మృతసముద్రం, అవతల యెరికో పచ్చదనం, ఇంకా పైకి మంచులో కలిసిపోయిన కొండలు. మా సంఘం పాస్టరు అయ్యగారు ద్వితీయోపదేశకాండం 34 చదివారు. దేవుడు మోషేకు ఆ దేశమంతా చూపించాడు, నువ్వు మాత్రం అక్కడికి దాటి వెళ్ళవు అన్నాడు. అది విన్నప్పుడు మా గుంపులో చాలామంది కళ్ళు తుడుచుకున్నారు. నాకు మాత్రం వేరే మాట పట్టుకుంది. ఇంకా పంపకం జరగలేదు, అయినా ఆ వచనాల్లో నఫ్తాలి దేశం, ఎఫ్రాయిము, మనష్షే, యూదా అని వాటాదారుల పేర్లతోనే నేల రాసి ఉంది.

యెరూషలేములో మూడు రోజులు ఎలా గడిచాయో తెలియలేదు, వాటి గురించి చాలామంది రాశారు కాబట్టి నేను రాయను. ఒక్కటి మాత్రం చెప్పాలి. పాత పట్టణం దక్షిణాన హిన్నోము లోయ చూపిస్తూ గైడు, యూదా గోత్రానికీ బెన్యామీను గోత్రానికీ మధ్య సరిహద్దు దీని వెంబడే పోయేదని చెప్పాడు. నేను నిద్రపోతూ చదివిన వచనం నా కళ్ళముందు లోయై నిలబడింది, అటు ఇటు ఇళ్ళు, మధ్యలో ఒలీవ చెట్లు.

మరునాడు గలిలయకు వెళ్తూ దారిలో షిలోహు దగ్గర ఆగాం. మామూలు టూర్లలో ఇది ఉండదు, అయ్యగారు పట్టుబట్టి పెట్టించారు. చుట్టూ కొండలు, మధ్యలో ఒక మెట్ట, తవ్వకాల్లో బయటపడిన రాతి గోడలు. ఇశ్రాయేలీయులకంటే ముందున్న వాళ్ళ గోడలట అవి. ఉత్తరం వైపు చదునుగా ఉన్న స్థలంలో ఇశ్రాయేలీయులు దేవుణ్ణి ఆరాధించిన ప్రత్యక్షపు గుడారం నిలిచి ఉంటుందని కొందరు నమ్ముతారు. ఈ ప్రాంతం వెస్ట్‌బ్యాంకులో ఉంది, దారిపొడవునా చెక్‌పోస్టులు, కంచెలు, ఈ నేల ఎవరిదన్న గొడవ ఈరోజుకీ మనుషుల ప్రాణాలు తీస్తోంది. అందుకే ఒక మాట ముందే చెప్తున్నా, ఈ అధ్యాయాలను ఈనాటి హద్దులకు పట్టా కాగితంలా చదవడం నాకు ఇష్టం లేదు. నా మనసును కొలుచుకోవడానికే చదివాను.

అక్కడ రాళ్ళ మీద కూర్చోబెట్టి అయ్యగారు 18వ అధ్యాయం చదివించారు. అప్పటికి ఏడు గోత్రాలకు ఇంకా వాటా రాలేదు. ఎందాక ఇలా ఆలస్యం చేస్తారని యెహోషువ వాళ్ళను అడిగాడు. గోత్రానికి ముగ్గురు చొప్పున మనుషుల్ని పంపి దేశమంతా తిరిగి చూసి, ఊళ్ళ ప్రకారం ఏడు వంతులుగా పుస్తకంలో రాయించాడు. ఆ తర్వాతే షిలోహులో దేవుని సన్నిధిలో చీట్లు వేశాడు. ముందు కొలత, తర్వాత చీటి. నాకిది కావాలి అని ఎవరూ చెయ్యి చాపే వీలు లేకుండా.

తర్వాతి అధ్యాయంలో షిమ్యోను వాటా గురించి ఒక చిన్న మాట ఉంది. యూదా వాళ్ళకు వచ్చిన భాగం వాళ్ళకు ఎక్కువైంది కాబట్టి షిమ్యోను వాళ్ళకు ఆ భాగంలోనే స్వాస్థ్యం దొరికిందని. ఎక్కువైంది! నలభై ఏళ్ళుగా బైబిలు చదువుతున్నాను, ఆ మాట ఎప్పుడూ నాకు కనబడలేదు. అదే అధ్యాయం చివర, అందరికీ పంచడం అయిపోయాక యెహోషువకు వాళ్ళే ఒక ఊరు ఇచ్చారు, ఎఫ్రాయిము కొండల్లో తిమ్నత్సెరహు. పంచినవాడు చివర తీసుకున్నాడు. ఆ ఊరు కట్టుకుని అందులో ఉన్నాడు, అంతే.

ఆ వచనం దగ్గర నేను పుస్తకం మూసేశాను. ఎందుకంటే మా నాన్న పోయాక మా ఐదెకరాల మాగాణి పంచింది నేనే. పెద్దవాణ్ణి నేను, పెద్దమనుషులు నా మాటే విన్నారు. కాలువ పక్కనున్న రెండున్నర నేను ముందే అనేసుకున్నాను. తమ్ముడికి పడమటి చివర రెండున్నర ఇచ్చాను, అక్కడికి నీళ్ళు అందరికన్నా ఆఖర్న ఎక్కుతాయి, కొన్నేళ్ళు ఎక్కవు కూడా. చీట్లు వేద్దామా అని వాడు ఒక్కసారి అడిగాడు. మన ఇంట్లో చీట్లేంట్రా అన్నాను. చెల్లిచేత హక్కు వదులుకున్నట్టు రిజిస్ట్రారు ఆఫీసులో సంతకం పెట్టించాం. మన క్రైస్తవులకు వర్తించే 1925 నాటి వారసత్వ చట్టంలో కూతురికీ కొడుక్కీ సమానమే. ఆ సంగతి నాకు తెలుసు, తెలిసే పెట్టించాను. కట్నం ఇచ్చాం కదా అని నాకు నేను చెప్పుకున్నాను. 17వ అధ్యాయంలో, కొడుకులు లేని సెలోపెహాదు కూతుళ్ళు ఐదుగురు, మహలా, నోయా, హొగ్లా, మిల్కా, తిర్సా, యాజకుడి ముందూ యెహోషువ ముందూ నిలబడి మా వాటా మాకు ఇవ్వమని దేవుడు ఆజ్ఞాపించాడు అని అడిగి తీసుకున్నారు. వాళ్ళ పేర్లు ఐదూ రాసి ఉన్నాయి. మా చెల్లి పేరు మా కాగితాల్లో సంతకం దగ్గర మాత్రమే ఉంది.

గలిలయలో నజరేతు, కపెర్నహూము, పడవ మీద ఆరాధన, అన్నీ జరిగాయి. నేను పాటలు పాడాను గానీ మనసు అక్కడ లేదు.

ఆఖరి రోజు ఉత్తరాన దాను చూపించారు. అలాంటి నీళ్ళు నేను ఎక్కడా చూడలేదు. చెట్ల నీడలో నేలలోంచి చల్లటి నీళ్ళు ఉబికి వస్తూనే ఉన్నాయి, అక్కడే ఒక ఏరైపోయి ఉరకలేస్తూ యొర్దానులో కలవడానికి పోతున్నాయి. మా ఊరి ఆడవాళ్ళు కాళ్ళు కడుక్కుని, నీళ్ళు నెత్తిన చల్లుకుని సంతోషపడ్డారు. గైడు కథ చెప్పాడు. దాను గోత్రానికి చీటిలో పడింది ఇది కాదు, ఏడో చీటి, పడమట సముద్రం వైపు. అమోరీయులు వాళ్ళను అక్కడ నిలవనివ్వలేదు. అప్పుడు వాళ్ళు ఐదుగుర్ని వేగు చూడ్డానికి పంపితే, వాళ్ళు ఇక్కడ లాయిషు ఊళ్ళో నిమ్మళంగా, ఎవరిమీదా అనుమానం లేకుండా బతుకుతున్న జనాన్ని చూశారు. తిరిగి వెళ్ళి, ఆ దేశం బహు మంచిది, లేవండి, వాళ్ళ మీద పడదాం అన్నారు. అలాగే వచ్చి ఆ ఊరు లాక్కున్నారు. న్యాయాధిపతులు 18లో ఆ జనాన్ని గురించి చదువుతుంటే నాకు తమ్ముడి ముఖం కనబడింది, నామీద ఏ అనుమానమూ లేకుండా పెద్దమనుషుల ముందు తల వంచుకుని నిలబడ్డ ముఖం.

నీళ్ళ చప్పుడుకు కొంచెం దూరంగా వచ్చి తమ్ముడికి ఫోన్ చేశాను. అక్కడ మధ్యాహ్నం, మన దగ్గర పొద్దు గూకుతోంది. వాడు పొలం గట్టు మీదే ఉన్నాడు.

"నీళ్ళు వచ్చాయా?" అన్నాను.

"ఇంకా లేదన్నయ్యా. నువ్వెలా ఉన్నావు, మోకాళ్ళ నొప్పులు తగ్గాయా?"

ఆ మాటకు గొంతు పూడుకుపోయింది. ఎలాగో చెప్పాను, నేను వచ్చాక సర్వేయర్ని పిలిపించి పొలం మొత్తం మళ్ళీ కొలిపిద్దాం, కాలువ పక్కదీ చివరదీ కలిపి సరిగ్గా వంతులు వేయిద్దాం, ఈసారి చీట్లు వేద్దాం, నేను ఆఖర్న తీస్తాను అని.

బస్సు దగ్గర్నుంచి అయ్యగారు పిలుస్తున్నారు. ఫోన్లో కాసేపు ఏమీ వినబడలేదు. లైను పోయిందనుకున్నాను.

"ఎన్ని చీట్లన్నయ్యా?" అని అడిగాడు.

మూడు అని చెప్పాను.