శ్రావణంలో బిగుసుకున్న భోజనాల బల్ల

రాఖీ పౌర్ణమి నాటి మధ్యాహ్నం మా భోజనాల బల్ల సగం తెరుచుకుని ఆగిపోయింది. మామూలు రోజుల్లో నలుగురికి సరిపోయే ఆ బల్లను రెండు కొసలా పట్టుకుని లాగి, మధ్యలో ఏర్పడిన ఖాళీలో నడిమి పలకను అమర్చితే ఎనిమిది మంది కూర్చోవచ్చు. అక్కావాళ్లు హైదరాబాదు వచ్చినప్పుడల్లా చేసే పనే కాబట్టి బావగారు ఒక మూల పట్టుకుని, నేను ఎదుటి కొసన నిలబడి లాగాం. జానెడు దూరం వచ్చాక అది ముందుకూ రాలేదు, వెనక్కూ పోలేదు. ఇంకాస్త గట్టిగా లాగేసరికి కింద నుంచి కర్ర చిట్లినట్టు వినిపించిన చప్పుడుకు నా గుండె ఝల్లుమంది. ఆ పూట అందరం నేల మీదే విస్తళ్లు వేసుకుని భోజనం చేశాం.

ఆ బల్లను నాన్నగారు ఆదిలాబాద్ టేకు తెప్పించి, వడ్రంగిని ఇంటికే పిలిపించి చేయించారు. పైపలకలు టేకువే కానీ, అడుగున జారే పట్టెలు మాత్రం నల్లమద్దివి. అది గట్టి కర్రే అయినా, గాలిలోని తేమ మారినప్పుడు టేకంత నిలకడగా ఉండదు. ఆ పట్టెలు జారే గాడిని కూడా వడ్రంగి చెక్కి చేయలేదు. ఒక ప్లైవుడ్ పలకకు రెండేసి బద్దలు బిగించి, వాటి మధ్య వదిలిన సందునే గాడిగా వాడాడు. వేసవి అంతా చక్కగా జారే బల్ల, ముసురు పట్టిన వారం రోజులకే మొండికేయడానికి సగం కారణం ఇదే.

కర్ర పొడవునా పెరగడం లెక్కలోకి రానంత తక్కువ. పెరుగుదల అంతా అడ్డంగానే ఉంటుంది. పచ్చి టేకు పూర్తిగా ఎండేసరికి మానులోని వలయాల వెంబడి సుమారు 5.8 శాతం, మధ్య నుంచి బెరడు దిశగా సుమారు 2.5 శాతం కుంచించుకుంటుంది. ఆ లెక్కన కర్రలో తేమ 4 శాతం పెరిగితే, 50 మిల్లీమీటర్ల వెడల్పున్న టేకు పట్టె కూడా దాదాపు 0.4 మిల్లీమీటరు ఉబ్బగలదు. ప్లైవుడ్ దాదాపు పెరగదు కాబట్టి సందు అలాగే ఉంటుంది, అందులో జారాల్సిన పట్టె మాత్రం లావెక్కుతుంది.

మిగతా సగం కారణం మేము లాగిన తీరు. సొరుగును ఒక పక్క పిడి పట్టుకుని లాగితే అడ్డం తిరిగి ఇరుక్కుపోవడం అందరికీ తెలిసిందే. టేపుతో కొలిస్తే బల్ల ఎడమ పక్క తెరిచిన దూరం కుడి పక్క కంటే 3 మిల్లీమీటర్లు ఎక్కువ ఉంది. అందుకే ఇంకా లాగకుండా, ముందుకు వచ్చిన ఎడమ పక్కన ఒక చెక్కముక్క ఆనించి, కొయ్య సుత్తితో మెల్లగా తట్టుతూ వెనక్కి పంపాను. రెండు కొలతలూ సమానం కాగానే, అంతసేపు రాయిలా ఉన్న బల్ల చేతి ఒత్తిడికే కదిలింది.

నేల మీద దుప్పటి పరిచి బల్లను బోర్లించి చూస్తే మరో రెండు విషయాలు బయటపడ్డాయి. ఒక బద్దకు వేసిన స్క్రూ వదులై, దాని తల పట్టెను గీస్తోంది. మేము విన్న చప్పుడు దానిదే. అంతకంటే నన్ను ఎక్కువ బాధించినది, నిరుడు నేనే పోసిన కుట్టుమిషను నూనె. అది కర్రలోకి ఇంకి, దుమ్మును పట్టుకుని, నల్లని జిగురులా గాడి అంతటా పేరుకుంది. నూనె ఇనుముకు మేలు చేస్తుంది కానీ కర్ర మీద కర్ర జారే చోట దానికి పని లేదు.

టర్పెంటైన్‌లో తడిపిన గుడ్డతో ఆ జిగురంతా తుడిచి, ఎండ తగలనీయకుండా ఫ్యాను కింద రెండు రోజులు ఆరబెట్టాను. స్క్రూ రంధ్రంలో ఫెవికాల్ పూసిన అగ్గిపుల్లలు దట్టించి, ఒక రాత్రి ఆగి, స్క్రూను తల లోపలికి దిగేలా మళ్లీ బిగించాను. ఆపైన పట్టెల నిండా పెన్సిలుతో గీతలు గీసి రెండుసార్లు జరిపితే, రాసుకుంటున్న చోట్లలో మాత్రమే గీతలు చెరిగిపోయాయి. చిత్రిక పట్టాలన్న కోరికను అణచుకుని, చెక్కముక్కకు చుట్టిన 120 నంబరు ఉప్పు కాగితంతో ఆ చోట్లనే రుద్ది, 220తో నున్నగా చేశాను. వానాకాలపు ఉబ్బును చూసి ఎక్కువ కొట్టేస్తే, ఎండలు ముదిరేసరికి పట్టెలు గాడిలో వదులై బల్ల ఊగుతుంది. చివరగా తెల్ల కొవ్వొత్తిని పట్టెలకూ గాడి గోడలకూ గట్టిగా రుద్ది, మిగిలిన పొడిని గుడ్డతో తుడిచాను.

ఇప్పుడు ఇద్దరం రెండు కొసల సరిగ్గా మధ్యలో పట్టుకుని ఒకేసారి లాగితే బల్ల చప్పుడు లేకుండా తెరుచుకుంటోంది. నడిమి పలకకున్న కొయ్య చీలలు నాలుగింటిలో ఒకటి మాత్రం రంధ్రంలోకి కాస్త బిగుతుగా దిగుతోంది. మార్గశిరంలో గాలి పొడిబారాక మరోసారి చూసి, అప్పటికీ తగ్గకపోతేనే దాన్ని ముట్టుకుంటాను.