సళి, చలి

మంగళవారం, రాత్రి 9.30

ఇంటికొచ్చి స్నానం చేసినా మనసింకా ఆరో బెడ్ దగ్గరే ఉంది.

నాయుడుపేట పక్క పల్లె నుంచి వచ్చిన పెద్దాయన. న్యుమోనియాతో రెండు వారాలు వెంటిలేటర్ మీద ఉండి, గొంతులో ట్రకియాస్టమీ ట్యూబుతో మా వార్డుకొచ్చి మూడు రోజులు. ఊపిరి ట్యూబులోంచే వెళ్లిపోతుంది, స్వరపేటిక దాకా రాదు. అందుకే మాట లేదు. చెన్నైలోని ఈ వార్డు నర్సుల్లో తెలుగుదాన్ని నేనొక్కదాన్నే. అదీ రెండు రోజులు సెలవులో ఉండి ఈరోజే వచ్చా.

పొద్దున ఏడింటికి డ్యూటీ మారేటప్పటి హ్యాండోవర్‌లో, రాత్రి తొమ్మిది సార్లు సక్షన్ (ట్యూబులోంచి సన్న గొట్టం దించి కఫం లాగడం) చేశామని, కఫంలో ఎర్రటి చార కనిపిస్తోందని చెప్పారు. తొమ్మిది సార్లా అనుకున్నా.

బెడ్ దగ్గరికెళ్లి ఒక్కొక్కటీ చూశా. ట్యూబు చుట్టూ చర్మం పొడిగానే ఉంది. మెడ టేపు కింద ఒక వేలు దూరుతోంది. ట్యూబు కదలకుండా, గాలి పక్కనుంచి పోకుండా లోపల ఉబ్బి ఉండే కఫ్ బెలూన్ ప్రెషర్ 26, అది 20-30 మధ్య ఉంటే చాలు. తలవైపు అవసరానికి 8వ నంబరు ట్యూబు ఇంకొకటి, దానికంటే చిన్నది 7, చేత్తో నొక్కి ఊపిరి అందించే ఆంబూ బ్యాగు, అన్నీ ఉన్నాయి. రక్తంలో ఆక్సిజన్ 97 శాతం.

ఇంతలో నాతో డ్యూటీలో ఉన్న తమిళమ్మాయి ప్రేమగా వంగి, "అయ్యా, సళి ఇరుక్కా?" అంది. ఆయన గబగబా తలూపాడు. ఆ అమ్మాయి వెంటనే సక్షన్ కేథటర్ కవరు చించబోయింది.

"ఒక్క నిమిషం," అని ఛాతీ మీద స్టెతస్కోపు పెట్టా. రెండు వైపులా గాలి శుభ్రంగా ఆడుతోంది. గురగుర లేదు, దగ్గు లేదు.

"పెద్దయ్యా, కఫం అడ్డం పడతా ఉందా?"

లేదన్నట్టు తల అడ్డంగా తిప్పాడు.

"చలేస్తా ఉందా?"

రెండు కళ్లూ గట్టిగా మూసి తలూపాడు. దుప్పటి కింద చెయ్యి పెడితే పాదాలు మంచుగడ్డల్లా ఉన్నాయి. నెత్తిమీదే ఏసీ.

తమిళంలో సళి అంటే కఫం. ఆయనకి వినిపించింది చలి. రాత్రంతా చలేస్తోందని చెప్పుకుంటుంటే, మేం ఊపిరితిత్తుల్లోకి గొట్టం దించుతూ వచ్చాం. సక్షన్ కఫాన్నే కాదు, ఊపిరినీ లాగేస్తుంది. అందుకే ముందు ఆక్సిజన్ ఇస్తాం, ఒక్కోసారి 10-15 సెకన్లు దాటనివ్వం. అవసరం లేకుండా మళ్లీ మళ్లీ చేస్తే లోపలి పొర గీసుకుపోతుంది. ఆ ఎర్రటి చార అదే అయ్యుంటుంది. డాక్టర్‌కి చెప్తే ఆయనా అదే అన్నారు. తలుచుకుంటే కడుపులో దేవినట్టుంది. నొప్పెడుతోందని అరవడానికి కూడా గొంతు లేని మనిషి.

రెండు దుప్పట్లు కప్పి, మంచం ఏసీ గాలి తగలని పక్కకి జరిపించా. విజిటింగ్ టైములో వచ్చిన ఆయన భార్య పాదాలు రుద్దుతూ, "చలికి ఓర్చలేడు అమ్మణ్ణీ, తలగుడ్డ లేకుండా తెల్లారి చేలోకి పోడు," అంది.

భోజనం వేళలో అట్టముక్క మీద పెద్దక్షరాలతో రాశా: చలి, నొప్పి, కఫం, దాహం, ఊపిరాడటం లేదు, మా ఆవిడని పిలవండి. ఆయన వేలు ఒక్కొక్క మాట మీదా మెల్లగా పాకి, చివరి దాని మీద చాలాసేపు ఆగింది.

సాయంత్రం ఏడు దాకా మూడుసార్లే సక్షన్ అవసరమైంది. మూడోసారి ఎరుపు లేదు.

రాత్రి డ్యూటీ అమ్మాయికి తమిళంలోనే చెప్పి వచ్చా: ఈయన్ని సళి అని అడగొద్దు, కబం అని అడుగు, మన రెండు భాషలకీ సరిపోతుంది. అరచేతి మీద పెన్నుతో రాసుకుంది.