చీకటి కోసం కాదు, గాలి కోసం

గురుగ్రహాన్ని ఫొటో తీద్దామని పెట్టుకున్న ప్రయాణం సంగతి విన్నవాళ్లంతా అమావాస్య చూసుకుని వెళ్లమన్నారు. పాలపుంతను ఫొటో తీసేవాళ్లకైతే ఆ మాట నిజమే. గురుగ్రహానికి మాత్రం చీకటితో పెద్దగా పనిలేదు, వీధి దీపాల నడుమ నుంచైనా బాగానే చిక్కుతుంది. దానికి కావాల్సింది నిలకడైన గాలి. నాతో వచ్చిన మిత్రుడికి పాలపుంత పిచ్చి. వెన్నెల చూసి దారి పొడవునా సణుగుతూనే ఉన్నాడు.

బసలో మేడ మీద చోటిస్తామన్నారు, వద్దన్నాం. పగలంతా కాగిన కాంక్రీటు చాలా రాత్రిదాకా వేడి కక్కుతుంది, ఆ వేడిగాలి సరిగ్గా టెలిస్కోప్ ముందు నుంచే పైకి లేస్తుంది. అందుకే చెరువు గట్టున గడ్డిలో స్టాండు నిలబెట్టాం. నీళ్లు నేలలా గబుక్కున వేడెక్కవు, చల్లారవు. వాటి మీది గాలి కాస్త కుదురుగా ఉంటుంది.

నాది 8 అంగుళాల టెలిస్కోప్. కారులోంచి దించాక లోపలి అద్దం చల్లబడటానికి గంటైనా పడుతుంది. ఆ తర్వాత కొలిమేషన్, అంటే అద్దాలు ఒకదానికొకటి సరిగ్గా కుదిరాయో లేదో, చూశాను. గతుకుల రోడ్డు మీద వచ్చాం కాబట్టి అద్దాలు కాస్త జరిగే ఉంటాయి. ఓ నక్షత్రాన్ని కావాలనే ఫోకస్ తప్పిస్తే వలయాలు కనిపిస్తాయి. వాటిలోని నల్లచుక్క సరిగ్గా నడిమధ్యకు వచ్చేదాకా స్క్రూలు కొద్దికొద్దిగా తిప్పాను. ఓపిక పరీక్షించే పని ఇదే.

గురుడు నడినెత్తికి దగ్గరయ్యేదాకా ఆగాం. దిగంతానికి దగ్గరగా ఉంటే దట్టమైన వాతావరణం వల్ల ఒక అంచు ఎర్రగా, మరో అంచు నీలంగా వస్తుంది. బొమ్మను పెద్దది చేసే బార్లో లెన్స్ వేసి, టెలిస్కోప్ ఎఫ్ సంఖ్యను (ఫోకల్ పొడవుకీ వ్యాసానికీ నిష్పత్తి) 10 నుంచి 20 చేశాను. కెమెరా పిక్సెల్ సైజు మైక్రాన్లలో ఎంతో, ఈ సంఖ్య దానికి ఐదు రెట్లు ఉంటే చాలు. నా కెమెరాది 3.75. ఇంకా పెద్దది చేస్తే బొమ్మ మసకబారుతుందే తప్ప వివరం పెరగదు.

మొదట స్క్రీన్ మీద గురుడు సెలయేటి అడుగున గులకరాయిలా వణుకుతున్నాడు. "దీనికోసమా ఇంత దూరం?" అన్నాడు మావాడు. అర్ధరాత్రి దాటాక ఉన్నట్టుండి గాలి నిలిచింది. దక్షిణ పట్టీ అంచున పెద్ద ఎర్ర మచ్చ, దాని వెనకే చిక్కుపడ్డ తెల్లటి సుడులు కనిపించాయి. వాడు నోరు మూసుకున్నాడు.

ఒక్క ఫొటోతో అయ్యే పని కాదిది, వీడియో తీయాలి. సెకనుకు 100 ఫ్రేముల చొప్పున రెండేసి నిమిషాలు తీశాను. గురుడు పది గంటలు కాకముందే ఓ చుట్టు తిరిగేస్తాడు. వీడియో మరీ సాగదీస్తే వివరాలు చెరిగిపోతాయి.

తెల్లవారాక గదిలో ఆటోస్టాకర్ట్ అనే సాఫ్ట్‌వేర్ ఒక్కో వీడియోలోని 12,000 ఫ్రేముల్లో మంచి పదో వంతును ఏరి, ఒకదానిమీద ఒకటి పేర్చింది. రెజిస్టాక్స్ అనే మరో సాఫ్ట్‌వేర్‌లో బొమ్మకు పదును పెడుతుంటే మావాడు "ఇంకా లాగు, ఇంకా లాగు" అంటాడు. మరీ లాగితే గ్రహం అంచున లేని వలయం పుట్టుకొస్తుందని చూపించి, వెనక్కి తగ్గించాను. వాడి ఫోన్లో మాత్రం ఆ వలయమున్న బొమ్మే ఉంది, అదే అందరికీ చూపిస్తున్నాడు.