అంబాసిడర్ మడ్గార్డులు

నాన్న అంబాసిడర్ ముందు మడ్గార్డులు మొత్తానికి మళ్లీ రేకు ముఖం చూశాయి. ఇక్కడ నల్గొండలో షెడ్డు మేస్త్రీ హెడ్‌లైట్ చుట్టూ అయస్కాంతం తిప్పితే సగం చోట్ల అంటుకోనే లేదు, ఎవరో ఎప్పుడో తుప్పు మీదే అయస్కాంతానికి అంటని పుట్టీ ముద్ద మందంగా కొట్టి పైన తెల్ల రంగు వేసి అప్పజెప్పారన్నమాట. చక్రం ఎగజిమ్మిన బురద హెడ్‌లైట్ వెనక ఇరుక్కుని తడి ఆరనివ్వదు, అందుకే తుప్పు లోపలి నుంచి తినుకుంటూ వస్తుంది. బండి తయారీయే 2014లో ఆగిపోయె, కొత్త మడ్గార్డులు అంత తేలిగ్గా ఎక్కడ దొరుకుతాయి? పాడైన మేర కోసేసి రేకు ముక్క పెట్టి వెల్డింగ్ చేశారు. వేడికి ఉబ్బిన చోట వెనక ఇనుప దిమ్మె ఆనించి చిన్న సుత్తితో టకటకా కొడుతూ, మధ్యలో కళ్లు మూసుకుని అరచేత్తో నిమిరి ఎక్కడ ఎత్తుందో చెప్పేస్తాడు మేస్త్రీ, నాకైతే ఏం తెలియలేదు! ఇంకా ప్రైమర్ కూడా పడలేదు, నాన్నేమో అప్పుడే పానగల్లు గుడి దాకా ఒక రౌండ్ వేద్దామంటున్నాడు.