మొదటి బ్యాగు ఎక్కకముందే

మొన్న హన్మకొండలో ఒక పెళ్లికి పోతే మా మేనత్త కోడలు పక్కన కూర్చొని అడిగింది: "వదినా, ఇన్నేండ్లు రక్తం మీదనే పరిశోధన చేసినవ్ గదా, అండ్ల చెయ్యనీకి ఏముంటది? ఎవల గ్రూపు వాళ్లకు ఎక్కియ్యడమే గదా." బంతిలో కూర్చొని తేల్చే ముచ్చట కాదు. అందుకే ఇక్కడ రాస్తున్నా.

కాకతీయ మెడికల్ కాలేజీలో పాథాలజీ పీజీ అయ్యాక బ్లడ్ బ్యాంకులో చేరాను. మొదటి నెలలోనే ఒక క్రాస్ మ్యాచ్, అంటే దాత రక్తం రోగికి పడుతుందో లేదో ముందే చూసే పరీక్ష, నన్ను నిలబెట్టేసింది. రోగి సీరం (రక్తం గడ్డకట్టాక పైన తేలే నీరు) రెండు చుక్కలు, దాత ఎర్రకణాలు ఒక చుక్క ట్యూబులో కలిపి 37 డిగ్రీల దగ్గర పెడతాం. పరాయి కణాలను పట్టుకోవడానికి ఒళ్లు తయారుచేసుకునే యాంటీబాడీలు రోగి సీరంలో ఉంటే అవి దాత కణాలకు అంటుకుంటాయి. తర్వాత సెలైన్‌తో మూడుసార్లు కడిగి, అలా యాంటీబాడీ అంటిన కణాలను గుంపు కట్టించే కూంబ్స్ సీరం వేసి, సెంట్రిఫ్యూజ్‌లో తిప్పి, వెలుతురుకు పట్టి మెల్లగా వంచుతాం. అడుగునున్న ఎర్రటి బొట్టు పొగలా లేస్తే ఆ రక్తం పడుతుంది. రవ్వరవ్వగా లేస్తే పడదు. నా ట్యూబులో పొగలాగే లేచింది. "సరిపోయింది" అని రాయబోతుంటే టెక్నీషియన్ అన్న ఆపి, చెక్ సెల్స్ (ముందే యాంటీబాడీ అంటించి పెట్టిన కణాలు) ఒక చుక్క వేశాడు. అవి గుంపు కట్టాలి. కట్టలేదు. "మేడం, సక్కగ కడగలే" అన్నాడు. ట్యూబులో రోగి సీరం కొంచెం మిగిలినా కూంబ్స్ సీరం అక్కడే ఖర్చైపోతుంది, కణాల దాకా చేరదు. మళ్లీ కడిగి చూస్తే సన్నటి రవ్వలు. ఆ రాత్రి అన్నం ముద్ద దిగలేదు నాకు.

ఆ తర్వాత కొన్నాళ్లకు ఏటూరునాగారం వైపు నుంచి ఒక తల్లి తొమ్మిదేళ్ల కొడుకును తీసుకొచ్చింది. తలసీమియా, అంటే ఒంట్లో రక్తం సరిగా తయారుకాని పుట్టుజబ్బు. గ్రూపు బి పాజిటివ్. మూడు నాలుగు వారాలకోసారి రక్తం ఎక్కాల్సిందే. అప్పటిదాకా వేరే ఊళ్లో ఒక ఆస్పత్రిలో ఎక్కించేవాళ్లు, కూంబ్స్ దాకా పోకుండా సెలైన్‌లో చూసి సరే అనేవాళ్లు. "మేడం, పోయినసారి ఎక్కిచ్చింది పది దినాలు గూడ ఆగలే. పోరని కండ్లు పచ్చగైనయ్. ఆ రక్తమంత ఎటు పోయినట్టు?" అని అడిగింది. నా వృత్తి మొత్తంలో అంత సూటి ప్రశ్న ఇంకెవరూ అడగలేదు.

ఫ్రిజ్‌లో ఉన్న పది బి పాజిటివ్ బ్యాగులతో పరీక్ష చేస్తే ఆరు రవ్వలు కట్టాయి. ఏ యాంటీబాడీయో తేల్చే ప్యానెల్ కణాలు అప్పుడు మా దగ్గర లేవు. థర్మోస్‌లో ఐసు పెట్టి, పిల్లాడి సీరం ఒళ్లో పెట్టుకుని కాజీపేటలో రైలెక్కి హైదరాబాద్ పోయాను. దారి పొడుగునా ఆ పరీక్షకు తన పేరే వచ్చిన శాస్త్రవేత్త కూంబ్స్ గుర్తొచ్చాడు. ఆయన చదివింది పశువైద్యం. ఈ పరీక్ష ఆలోచన తనకు రైల్లోనే తట్టిందని చెప్పుకున్నాడు. 1945లో మౌరంట్, రేస్ అనే తోటి శాస్త్రవేత్తలతో కలిసి దాన్ని ప్రకటించాడు.

రెండు యాంటీబాడీలు తేలాయి: ఒకటి పెద్ద ఈ (E) మీద, ఒకటి చిన్న సీ (c) మీద. ఇవి ఎర్రకణాల మీద ఉండే ఆర్‌హెచ్ గుర్తులు. ఆర్‌హెచ్ అంటే పాజిటివ్, నెగటివ్ అని చెప్పే డీ ఒక్కటే కాదు. పెద్ద సీ, చిన్న సీ, పెద్ద ఈ, చిన్న ఈ కూడా అందులోవే. చిన్న సీ, పెద్ద ఈ రెండూ లేనివాళ్లు మన దేశంలో చాలామంది. ఆ పిల్లాడూ అంతే. అతనికి పనికొచ్చే బ్యాగులు ఫ్రిజ్‌లో ఎప్పుడూ ఉన్నాయి. వెతకలేదంతే. అది తలచుకుంటే ఇప్పటికీ కడుపు మండుతుంది.

అక్కడి నుంచి నా పనంతా ఇదే. పదే పదే రక్తం ఎక్కే పిల్లల్లో ఏ యాంటీబాడీలు వస్తున్నాయి, ఎప్పుడు వస్తున్నాయి అని చూడటం. ఒంటికి మతిమరుపు లేదు. యాంటీబాడీ కొన్నేళ్లకు పరీక్షకు అందనంతగా తగ్గిపోతుంది. అలాంటి రక్తమే మళ్లీ పడితే రోజుల్లో తిరిగొస్తుంది. అందుకే ప్రతి పిల్లాడికీ ఒక కార్డు రాసిస్తూ, "ఏ దవాఖానకు పోయినా ముందు ఇది చూపియ్యి బిడ్డా" అని చెప్పేదాన్ని.

పిల్లలకు రక్తం రాసే డాక్టర్లు ఇది చదువుతుంటే ఒక్క మాట. మొదటి బ్యాగు ఎక్కకముందే పెద్ద సీ, చిన్న సీ, పెద్ద ఈ, చిన్న ఈ పరీక్షలు చేయించండి. ఎక్కాక దాత కణాలు కలిసిపోయి, పిల్లాడి సొంత రకం ఏదో తేల్చడం కష్టమవుతుంది.

ఆ అబ్బాయి కోసం దాతల జాబితా రాసుకున్నాం. డబ్బుకు రక్తం అమ్మడాన్ని ఆపమని సుప్రీంకోర్టు 1996లో తీర్పిచ్చాక మాకు దిక్కు చుట్టాలూ, తమంతట తాము వచ్చే దాతలే. కొత్తవాడలో జంపఖానాలు నేసే ఒకాయన మూడు నెలలకోసారి మగ్గం ఆపి వచ్చేవాడు. "నా రక్తంల గంత ప్రత్యేకమేముంది మేడం?" అని అడిగాడొకసారి.

"ఏం లేదన్నా, మామూలు రక్తమే. పోరనిది గూడ గదే రకం" అన్నాను.

"గట్లనా" అని నవ్వి, చెయ్యి చాపి పడుకున్నాడు.