మన్నడిలో మిర్చి కాగితాలు

గుంటూరు యార్డులో మిర్చి కొనే వ్యాపారి కాయను విరిచి చూస్తాడు, రంగు చూస్తాడు, ఘాటు చూస్తాడు, అప్పుడు ధర చెబుతాడు. అదే సరుకు చెన్నై రేవులో ఓడెక్కాక, దానికి డబ్బు చెల్లించే బ్యాంకు ఒక్క కాయ కూడా చూడదు. ఇలాంటి చెల్లింపులకు దేశదేశాల బ్యాంకులు పాటించే, 2007 జులై నుంచి అమల్లో ఉన్న యూసీపీ 600 నిబంధనల్లో అయిదోది చెప్పేది ఇదే: బ్యాంకులకు పని పత్రాలతోనే, సరుకుతో కాదు. ఒంగోలు వదిలి నేను ఇక్కడ బతుకుతున్నది ఆ పత్రాల మీదే.

చెన్నై మన్నడిలో ఒక మేడ మీద రెండు గదులు మా ఆఫీసు. కస్టమ్స్ హౌస్, బ్యాంకులు అన్నీ పక్కనే రాజాజీ సాలైలో. పార్టీలు ఎక్కువగా మనవాళ్లే. గుంటూరు మిర్చి, చీమకుర్తి గెలాక్సీ గ్రానైట్. ఇంటి ఓనరమ్మతో మాట్లాడాలంటే నా తమిళం ఇప్పటికీ తడబడుతుంది గానీ, బిల్ ఆఫ్ లేడింగ్ (సరుకు ఓడెక్కినట్టు ఓడ కంపెనీ ఇచ్చే పత్రం) మీద అయితే ఎంతసేపైనా పోట్లాడగలను. జార్జ్‌టౌన్‌లో కన్యకా పరమేశ్వరి గుడి దగ్గర తరతరాలుగా ఉన్న తెలుగు కుటుంబాలు కనిపిస్తాయి. వాళ్ల లెక్కలో నేను నిన్న వచ్చినవాణ్ణి.

ఎల్‌సీ (లెటర్ ఆఫ్ క్రెడిట్), అంటే కొన్నవాడి తరఫున అతని బ్యాంకు రాసిచ్చే చెల్లింపు హామీ, ఉందంటే డబ్బు వచ్చేసినట్టేనని మనవాళ్ల నమ్మకం. సగమే నిజం. ఎల్‌సీ అడిగిన పత్రాలు, అది అడిగినట్టుగా పెడితేనే బ్యాంకు చెల్లిస్తుంది. వాటిని పరిశీలించడానికి దానికి అయిదు బ్యాంకింగ్ రోజుల గడువుంటుంది. ఎల్‌సీలో 'తొడిమ తీసిన తేజ ఎండుమిర్చి' అని ఉంటే ఇన్వాయిస్‌లో తొడిమ మాట జారిపోకూడదు. వేరే గడువేమీ రాయకపోతే ఓడెక్కిన 21 రోజుల్లోపు, అదీ ఎల్‌సీ గడువు దాటకుండా, అన్నీ బ్యాంకులో పడాలి.

"సరుకు కొనే ఆయన నాకు ఎన్నేళ్లుగానో తెలుసు తమ్ముడూ, తొడిమ మాట లేదని డబ్బు ఆపుతాడా?" అని అడిగాడు ఒక గుంటూరు ఎగుమతిదారు. ఆపేది ఆయన కాదు, బ్యాంకు. తేడా దొరికాక ఒప్పుకుంటారా అని బ్యాంకు కొన్నవాణ్ణే అడుగుతుంది. మార్కెట్ బాగుంటే వెంటనే ఒప్పుకుంటాడు. ధర పడిపోయిందనుకోండి, అదే మనిషి పది శాతం తగ్గించమంటాడు. కంటైనరు అవతల రేవులో ఉంటుంది, రోజు గడిచేకొద్దీ అద్దె పెరుగుతుంటుంది. వెనక్కి తెప్పించుకోవడం ఇంకా ఖర్చు. చాలామంది తగ్గించే ఇస్తారు.

చెన్నైలో ఉన్నవాళ్లకు ఇంకో చిక్కుంది, వాన. ఎల్‌సీ గడువు ముగిసే రోజు సంక్రాంతి సెలవు వచ్చిందంటే ఫర్వాలేదు, తర్వాతి పనిదినం దాకా గడువు పొడిగినట్టే. ఓడెక్కించాల్సిన ఆఖరి తేదీకి మాత్రం ఆ వెసులుబాటు లేదు. తుపాను వల్ల బ్యాంకు పని ఆగిపోయి, ఆ రోజుల్లోనే గడువు దాటిపోతే కథ వేరు. మళ్లీ తెరిచాక ఆ ఎల్‌సీకి చెల్లించే బాధ్యత బ్యాంకుకు లేదని యూసీపీ 36వ నిబంధన చెబుతుంది. 2023 డిసెంబరు 4న మిచౌంగ్ తుపాను ఈ ఊరిని ముంచింది, మర్నాడు బాపట్ల దగ్గర తీరం దాటింది. కాగితాలు పట్టుకుని ఇక్కడ మేమూ, సరుకు పెట్టుకుని అక్కడ పార్టీలూ, అందరం ఒకే తుపానులో ఇరుక్కున్నాం. అందుకే డిసెంబరులో గడువు తీరే ఎల్‌సీ కనిపిస్తే, జనవరికి మార్పించుకోమని ముందే చెబుతున్నాను. 'అంత టెన్షన్ దేనికి' అంటారు కొందరు.

ఇవన్నీ సక్రమమైన వ్యాపారంలో చిక్కులు. నాకు కోపం తెప్పించేది వేరే ఉంది. కడప వైపు కాంట్రాక్టరు ఒకాయన సోలార్ ప్రాజెక్టు అప్పు కోసం తిరుగుతూ మా ఆఫీసుకొచ్చాడు. నుంగంబాక్కంలో ఏదో పెద్ద హోటల్ లాబీలో ఒక బ్రోకరు కలిశాడట, యూరప్ బ్యాంకు ఎస్‌బీఎల్‌సీని (స్టాండ్‌బై ఎల్‌సీని) ఏడాదికి లీజుకిప్పిస్తానన్నాడట. దాని మీద ఇంకో బ్యాంకు అప్పిస్తుంది, తిరిగి కట్టకపోయినా ఆస్తుల జోలికి రారు, ముందుగా స్విఫ్ట్ (బ్యాంకులు ఒకదానికొకటి సందేశాలు పంపుకునే వ్యవస్థ) ఖర్చులు కడితే చాలన్నాడట. బ్రోకరు తెలుగువాడే. పరాయి ఊళ్లో తెలుగు వినపడగానే మనకు సగం అనుమానం పోతుంది, వాళ్లకు కావాల్సిందీ అదే.

స్టాండ్‌బై ఎల్‌సీ అనేది నిజంగానే ఉంది. దానికి ఐఎస్‌పీ 98 అని 1999 నుంచి నిబంధనలూ ఉన్నాయి. కానీ అది పూచీ, అద్దెకు తిప్పే వస్తువు కాదు. మన బ్యాంకు మన లిమిట్ చూసి, మార్జినో తాకట్టో పెట్టించుకుని, ఫలానా వారికి ఫలానా బాకీ మనం తీర్చకపోతే తాను తీరుస్తానని రాసిస్తుంది. ముక్కూమొహం తెలియనివాడి కోసం ఏ బ్యాంకూ కోట్ల పూచీ పడదు. ఇలాంటి పత్రాల పేరుతో జరిగే మోసాల గురించి అమెరికా స్టాక్ మార్కెట్ల నియంత్రణ సంస్థ ఎస్‌ఈసీ ఎప్పటినుంచో హెచ్చరిస్తోంది. కాంట్రాక్టరు చూపించిన ముసాయిదాలో ఎంటీ 799 అనే స్విఫ్ట్ సందేశం పేరు పెద్దక్షరాల్లో ఉంది. అది బ్యాంకులు మామూలు విషయాలు రాసుకునే సందేశం. పూచీ జారీ అయ్యేది ఎంటీ 760తో.

"స్విఫ్ట్‌లో వస్తే నిజమేగా?" అన్నాడు. స్విఫ్ట్‌లో వచ్చినంత మాత్రాన సరిపోదన్నా అని పంజాబ్ నేషనల్ బ్యాంకు కథ చెప్పాను. అక్కడ ఎల్‌ఓయూలు (ఖాతాదారు అప్పుకు హామీగా విదేశాల్లోని బ్యాంకులకు పంపే పూచీ పత్రాలు) స్విఫ్ట్‌లోనే వెళ్లాయి, బ్యాంకు సొంత లెక్కల్లో మాత్రం ఎక్కలేదు. దాంతో 2018 మార్చి 13న రిజర్వు బ్యాంకు ఎల్‌ఓయూలనే ఆపేసింది.

వారం తర్వాత ఫోన్ చేశాడు. వాళ్ల బ్రాంచిలో గ్యారంటీ అడిగితే స్థలం కాగితాలు, మార్జిన్, మూడేళ్ల బ్యాలెన్స్ షీట్లు తెమ్మన్నారట. "ఆ బ్రోకరు ఇవేవీ అడగలేదు తమ్ముడూ" అన్నాడు చిరాగ్గా. అడగలేదంటేనే ఆలోచించమన్నాను. సరే, ఆ ముసాయిదా ఒకసారి మీ మేనేజరుకు చూపించండి అంటే, బ్యాంకువాళ్లకు మాత్రం చూపించొద్దని బ్రోకరు గట్టిగా చెప్పాడట.